దరువు వేసిందెవరు, డప్పు కొట్టుకున్నదెవరు? – మినిమల్ టెక్నో కథ



ఈ వరుసలో ఇప్పటిదాకా పాటల గురించి రాస్తూ వచ్చాను. ఈసారి పాటే లేని సంగీతం గురించి. అందులో పల్లవి ఉండదు, చరణం ఉండదు, చాలాసార్లు మాటే ఉండదు. యంత్రం వేసే దరువు, దాని మీద రెండు మూడు చప్పుళ్ళు. అంతే. దాని పేరు మినిమల్ టెక్నో.

మొన్న ఒక హాస్టల్ గదిలో పిల్లలతో కూర్చుని ఈ సంగతి ఎత్తితే ఒక తమ్ముడు నవ్వాడు. "అన్నా, అది పబ్బుల్లో డబ్బున్నోళ్ళు ఊగే మ్యూజిక్. మనకెందుకది? అయినా అందులో ఏముంది? గంటసేపు ఒకటే డుబ్ డుబ్. ఉత్త హైప్."

వాడన్నదాంట్లో సగం నిజం. మిగతా సగం కోసమే ఇదంతా రాస్తున్నా.

ముందు ఆ 'హైప్' అనే మాట దగ్గర ఆగుదాం. దానికి మన తెలుగులో ఏమంటాం? "డప్పు కొట్టుకోవడం" అంటాం. లేనిది ఉన్నట్టు చెప్పుకునేవాడిని "సొంత డప్పు కొట్టుకుంటున్నాడు" అంటాం. మనవాళ్ళూ అంటారు, నేనూ అన్నాను. ఎప్పుడైనా ఆలోచించారా? చెక్క చట్రం, దానికి బిగించిన తోలు, కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల. ఇంత తక్కువ సరంజామాతో పెళ్ళికొక దరువు, చావుకొక దరువు, జాతరకొక దరువు పుట్టించారు మన తాతలు. మంట దగ్గర తోలు కాచి శ్రుతి పట్టుకున్నారు. కొద్దిపాటి వస్తువుల్లోంచి ఒక లోకాన్ని తీశారు. అలాంటి వాద్యం పేరునే ఈ భాష బూటకానికి పేరుగా పెట్టుకుంది. అసలైన సృజనకి వాడాల్సిన మాట ఉత్తుత్తి గొప్పలకి తిట్టుగా మారింది.

ఇది మన ఒక్కరి కథ కాదు. సముద్రాల అవతల డెట్రాయిట్‌లో నల్లవాళ్ళు వేసిన దరువుకీ దాదాపు ఇదే జరిగింది.

ఖాళీ అయిన ఊరు

డెట్రాయిట్ అంటే కార్ల ఊరు. ఫోర్డ్, జనరల్ మోటార్స్, క్రైస్లర్. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో జాతి వివక్ష తట్టుకోలేక లక్షలమంది నల్లవాళ్ళు ఉత్తరాదికి వలసపోయారు. వాళ్ళలో చాలామంది డెట్రాయిట్ ఫ్యాక్టరీల్లో చేరారు. 1950లో ఆ నగర జనాభా 18 లక్షలు దాటింది. 2010 నాటికి అది 7 లక్షల చిల్లరకి పడిపోయింది. యుద్ధం రాలేదు, భూకంపం రాలేదు. ఫ్యాక్టరీలు తరలిపోయాయి, తెల్లవాళ్ళు శివార్లకి వెళ్ళిపోయారు. బ్లాక్ బాటమ్ అనే నల్లవాళ్ళ పేటని పడగొట్టి ఆ చోట పెద్ద రహదారి వేశారు. 1967లో పోలీసు దాడి మీద ఊరు తిరగబడింది. 43 మంది చనిపోయారు. 1972లో మోటౌన్ రికార్డుల కంపెనీ కూడా లాస్ ఏంజెలిస్‌కి మకాం మార్చింది. పని పోయింది, పాటా పోయింది.

ఈ ఖాళీలో పెరిగిన పిల్లలు టెక్నో పుట్టించారు. 1981లో హువాన్ అట్కిన్స్ అనే కుర్రాడు, వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన రిక్ డేవిస్ కలిసి సైబోట్రాన్ పేరుతో మొదటి రికార్డు వేశారు. డెట్రాయిట్ బయట బెల్విల్ అనే ఊళ్ళో అట్కిన్స్‌తో చదివిన డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ తర్వాత తోడయ్యారు. రాత్రిపూట రేడియోలో ఎలక్ట్రిఫయింగ్ మోజో అనే డీజే జర్మనీ క్రాఫ్ట్‌వర్క్‌నీ, నల్లవాళ్ళ ఫంక్‌నీ, ప్రిన్స్‌నీ పక్కపక్కనే వినిపించేవాడు. పిల్లలు అవన్నీ మింగి తమదైనది కక్కారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ ముగ్గురూ మురికివాడ బిడ్డలని రాస్తే కథ రక్తి కడుతుంది గానీ అది అబద్ధం. బెల్విల్ శివారు ఊరు, వాళ్ళ ఇళ్ళు కాస్త నిలదొక్కుకున్న ఇళ్ళు. అణగారినవాళ్ళ చరిత్ర రాసేటప్పుడు పేదరికాన్ని అలంకారంగా వాడకూడదు. అది కూడా ఒక రకం హైపే.

పేరు పెట్టింది ఎవరు?

1988లో ఒక బ్రిటిష్ కంపెనీ డెట్రాయిట్ సంగీతాన్ని ఒక సంకలనంగా తెచ్చింది. 'డెట్రాయిట్ హౌస్' అని పెట్టి అమ్ముదామనుకున్నారు మొదట. చికాగో హౌస్ అప్పటికే అక్కడ అమ్ముడుపోతోంది మరి. అయితే అట్కిన్స్ ఇచ్చిన ట్రాక్ పేరులో 'టెక్నో' అన్న మాట ఉంది. దాంతో సంకలనం పేరు మారింది. ఆ మాట ప్రపంచమంతా పాకింది.

ఇది హైప్ కాదా? హైపే. అమ్మకం కోసం చేసిన ప్రచారమే. కానీ ఆ ప్రచారం వెనక సరుకు ఉంది, సరుకు చేసినవాళ్ళ పేర్లు అట్ట మీద ఉన్నాయి. చాటింపు వేయడం తప్పు కాదు మిత్రులారా. చాటింపు ఎవరి పేరున వేస్తున్నారు, ఎవరి పేరు మింగేస్తున్నారు అన్నదే లెక్క.

1980ల చివర్లో మైక్ బ్యాంక్స్, జెఫ్ మిల్స్ అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ మొదలుపెట్టారు. వాళ్ళతో చేరిన మూడోవాడు రాబర్ట్ హుడ్. ముఖాలకి ముసుగులు, ఫొటోలు లేవు, పెద్ద కంపెనీలతో పొత్తు లేదు. హుడ్‌కి ఆ బృందంలో 'సమాచార మంత్రి' అని బిరుదు. ఆ బిరుదు ఎక్కడిదో ఉద్యమ చరిత్ర చదివినవాళ్ళకి చప్పున తడుతుంది. బ్లాక్ పాంథర్ పార్టీలో ఎల్డ్రిడ్జ్ క్లీవర్ పదవి అది. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పేరు పెట్టుకున్నది ఆ పార్టీని చూసే. ఒకే వేరు నుంచి ఒక కొమ్మ మన కవిత్వంలోకి వచ్చింది, ఇంకో కొమ్మ డెట్రాయిట్ డ్రమ్ మెషీన్లలోకి పోయింది.

తీసేయడం ఒక పని

1990ల మొదట్లో యూరప్‌లో రేవ్ పార్టీలు ఊపందుకున్నాయి. సంగీతం వేగం పెరిగింది, గోల పెరిగింది. పిచ్చెక్కినట్టు అరిచే శాంపిళ్ళు, గుండెలదిరే సింథసైజర్ మోతలు. నల్లవాళ్ళ ఫంక్ అందులోంచి దాదాపు మాయమైంది.

అప్పుడు హుడ్ ఎదురు దారి పట్టాడు. డ్రమ్ములు, బాస్, గ్రూవ్ ఉంటే చాలు, మనుషుల్ని కదిలించడానికి ఏది తప్పనిసరో అదే ఉండాలి అన్నది ఆయన పద్ధతి. 1994లో 'మినిమల్ నేషన్' వచ్చింది. అదే ఏడాది 'ఇంటర్నల్ ఎంపైర్' వచ్చింది. అదే ఏడాది సొంత లేబుల్ పెట్టి దానికి ఎం-ప్లాంట్ అని పేరు పెట్టాడు. ప్లాంట్ అంటే ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీలు మూతపడ్డ ఊళ్ళో ఒక మనిషి ఒంటరిగా నడుపుకునే ఫ్యాక్టరీ.

ఆ రికార్డుల్లో ఏముందో కాస్త చెవి పెట్టి వినండి. నాలుగు దెబ్బల కిక్ డ్రమ్ ఆగకుండా నడుస్తుంటుంది. దాని మీద చిన్న సింథ్ ముక్క, నాలుగైదు స్వరాలు, మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటుంది. మొదటి నిమిషం "ఇంతేనా" అనిపిస్తుంది. మూడో నిమిషానికి ఆ ముక్క మారినట్టు వినిపిస్తుంది. స్వరాలు అవే, ఫిల్టర్ కొద్దిగా తెరుచుకుంది. ఒక హై-హ్యాట్ వచ్చి చేరితే ఇందాకటి దెబ్బే వేరే చోట పడుతున్నట్టు ఉంటుంది. దరువు లోపల ఇంకో దరువు దొరుకుతుంది. మన డప్పు బృందం పక్కన నిలబడి విన్నవాళ్ళకి ఇది కొత్త కాదు. దెబ్బ మారకుండానే ఊపు మారడం వాళ్ళు ఎరిగిందే.

ఇక్కడ 'తక్కువ' అంటే లేమి కాదు, ఎంపిక. ఏది తీసేస్తే కూలుతుందో అదొక్కటే మిగిల్చి, మిగిలిన ప్రతి చప్పుడు మీదా మోయగలిగినంత బరువు పెట్టాడు. నేను సృజన అనేది దీన్నే.

"మినిమలిజం అప్పటికే తెల్ల స్వరకర్తలు కనిపెట్టేశారు కదా, స్టీవ్ రైక్ లేడా?" అని చదువుకున్నవాళ్ళు అడుగుతారు. సరే, రైక్ దగ్గరికే పోదాం. ఆయన పేరు నిలబెట్టిన టేప్ రచనల్లో ఒకటి 1966 నాటి 'కమ్ అవుట్'. అందులో మొదటి నుంచి చివరిదాకా వినిపించేది ఒకే గొంతు. అది డేనియల్ హామ్ అనే నల్ల కుర్రాడిది. పోలీసు స్టేషన్‌లో దెబ్బలు తిని, తర్వాత 'హార్లెమ్ సిక్స్' కేసులో ఇరుక్కున్నవాడు. తన గాయాన్ని ఎలా చూపించాల్సి వచ్చిందో చెబుతున్న గొంతు అది. ఆ కుర్రాళ్ళ కేసు మళ్ళీ విచారించాలని, అందుకు నిధులు పోగుచేసే సభ కోసమే రైక్ ఆ రచన చేశాడు. ఆయన ఉద్దేశాన్ని నేను శంకించను. కానీ సంగీత పాఠాల్లో మిగిలింది 'ఫేజింగ్' అనే టెక్నిక్. గాయం ఎవరిదో అడిగేవాళ్ళు తక్కువ. అదే కాలపు మినిమలిస్టుల్లో జూలియస్ ఈస్ట్‌మన్ అనే నల్ల స్వరకర్త ఉన్నాడు. ఇల్లు ఖాళీ చేయిస్తే రాసుకున్న స్వరపత్రాలు చాలా పోగొట్టుకున్నాడు. 1990లో చనిపోయాడు. ఆ కబురు పత్రికకెక్కడానికే నెలలు పట్టింది.

నది అవతలి ఒడ్డు, గోడ అవతలి ఊరు

డెట్రాయిట్ నది దాటితే కెనడా, విండ్సర్ ఊరు. అక్కడ పెరిగిన తెల్ల కుర్రాడు రిచీ హాటిన్. 1990లో జాన్ అక్వవీవాతో కలిసి ప్లస్ 8 లేబుల్ పెట్టాడు. మొదటి రికార్డు మీదే "డెట్రాయిట్ భవిష్యత్తు శబ్దం" అన్న అర్థం వచ్చే నినాదం అచ్చేశారు. డెట్రాయిట్ నల్ల కళాకారులకి మండింది. మండదా? వాళ్ళ వర్తమానాన్నే ప్రపంచం ఇంకా సరిగా వినలేదు, అప్పుడే భవిష్యత్తుకి ఇంకొకడు బోర్డు కట్టేశాడు.

ఇంతవరకే చెప్పి హాటిన్‌ని కొట్టిపారేస్తే నాకు లైకులు వస్తాయి. కానీ చరిత్ర అంత సులువు కాదు. 1993లో ప్లాస్టిక్‌మన్ పేరుతో ఆయన చేసిన 'షీట్ వన్', 2001లో వందకి పైగా ట్రాకుల్ని ముక్కలు చేసి మళ్ళీ అల్లిన మిక్స్, రెండూ నిజమైన పనులే. ఒకే మనిషిలో సృజనా ఉంటుంది, హైపూ ఉంటుంది. పుట్టుక చూసి తీర్పు చెప్పే అలవాటు మనకి వద్దు. ఆ అలవాటు వల్ల రెండు వేల ఏళ్ళు నష్టపోయింది మనమే.

ఇంకో ఉదాహరణ. బెర్లిన్‌లో మార్క్ ఎర్నెస్టుస్, మోరిట్జ్ ఫాన్ ఓస్వాల్డ్ ఇద్దరూ తెల్లవాళ్ళే. 1993లో బేసిక్ ఛానెల్ పేరుతో మినిమల్ టెక్నోలోకి జమైకా డబ్ సంగీతపు ప్రతిధ్వనిని దింపారు.  ఎర్నెస్టుస్ హార్డ్ వ్యాక్స్ అనే దుకాణం పెట్టి డెట్రాయిట్ రికార్డుల్ని బెర్లిన్ వాళ్ళకి అలవాటు చేశాడు. డబ్ నుంచి తీసుకున్నది ఊరికే వదిలేయలేదు. న్యూయార్క్‌లో లాయిడ్ బార్న్స్ అనే జమైకా మనిషి నడిపిన వాకీస్ లేబుల్ పాత రికార్డుల్ని ఆ పేరుతోనే మళ్ళీ అచ్చేసి లోకానికి ఇచ్చారు. ఎవరి దగ్గర అప్పు చేశారో చెప్పారు, తీర్చే ప్రయత్నం చేశారు.

బెర్లిన్ గోడ 1989లో కూలింది. 1991లో వెర్ట్‌హైమ్ డిపార్ట్‌మెంట్ స్టోర్ పాత ఖజానా గదుల్లో ట్రెజర్ క్లబ్ తెరిచారు. అది ఒక యూదు కుటుంబం నుంచి నాజీలు లాక్కున్న వ్యాపారం. ఆ గదుల్లో మోగింది డెట్రాయిట్ దరువు. ట్రెజర్ లేబుల్ వేసిన మొట్టమొదటి రికార్డు ఎవరిదో తెలుసా? ఎక్స్-101. అంటే బ్యాంక్స్, మిల్స్, హుడ్. ముగ్గురు నల్లవాళ్ళు.

'తక్కువ' బ్రాండ్ అయిన రోజులు

2000 తర్వాత సీను మారింది. 2001లో బెర్లిన్ కంపెనీ ఏబుల్టన్ తన లైవ్ సాఫ్ట్‌వేర్ విడుదల చేసింది. ల్యాప్‌టాప్ ఉంటే చాలు, లూపులు పేర్చేయొచ్చు. 2004లో బీట్‌పోర్ట్ వచ్చింది. రికార్డు అచ్చు వేయించే ఖర్చు లేకుండా ట్రాక్ అమ్ముకోవచ్చు. చవక విమానాలు వచ్చాయి. శుక్రవారం ఎక్కి బెర్లిన్‌లో దిగి, క్లబ్బుల్లో గడిపి, ఆదివారమో సోమవారమో తిరిగిపోయే కుర్రకారు తయారైంది. హాటిన్ కూడా బెర్లిన్ చేరాడు. ఆయన లేబుల్ పేరే మైనస్. 2005లో ఆ లేబుల్ తెచ్చిన సంకలనం పేరు 'మినిమైజ్ టు మ్యాక్సిమైజ్'. తగ్గించు, పెంచుకో. పేరులోనే అంతా ఉంది.

ఈ కాలంలో మంచి పనే జరగలేదని అనను. చిలీలో పుట్టి, పినోచెట్ నియంతృత్వం వల్ల కుటుంబంతో జర్మనీ చేరిన రికార్డో విల్లలోబోస్ 2003లో చేసిన 'ఆల్కాచోఫా' ఇప్పటికీ వినదగ్గ పని. కానీ అలాంటి ఒక్కోదాని వెనక వందల అనుకరణలు వచ్చిపడ్డాయి. టిక్కుటిక్కుమనే చప్పుళ్ళు, ఎనిమిది బార్లకి ఒక క్లాప్, పదహారు బార్లకి ఒక హై-హ్యాట్, మధ్యలో ఒక ఊపిరి పీల్చుకునే విరామం, మళ్ళీ కిక్. లూప్‌ని కాపీ చేసి అతికించడం. హుడ్ రికార్డులో ఒక చప్పుడు తీస్తే మొత్తం కూలుతుంది. వీటిలో ఏది తీసినా ఏమీ కాదు, ఎందుకంటే ఏదీ దేన్నీ మోయడం లేదు. ఇది ఖాళీని వాడుకోవడం కాదు. లోపల ఏమీ లేదు, అంతే.

'మినిమల్' అప్పటికి ఒక పద్ధతి పేరు కాదు, బీట్‌పోర్ట్‌లో ఒక డబ్బా పేరు. ఇంకొన్నేళ్ళకి జనానికి మొహం మొత్తి అదే మాట తిట్టయింది. తమ్ముడు హాస్టల్లో తిట్టింది ఆ మినిమల్‌నే. అక్కడ వాడు కరెక్టే. కానీ ఆ తిట్టు వెళ్ళి ఎవరికి తగిలింది? డబ్బా తయారుచేసినవాళ్ళు ఇంకో ఫ్యాషన్‌కి మారిపోయారు. మచ్చ మాత్రం మాటతోపాటు హుడ్ పనికీ అంటుకుంది. ఆయన 2009లో 'మినిమల్ నేషన్'ని తన ఎం-ప్లాంట్ మీద మళ్ళీ అచ్చేసి, ఇదిగో మూలం అని చూపించాల్సి వచ్చింది. హైప్ చేసే అసలు నష్టం ఇది. చెత్త అమ్మడంతో ఆగదు, అసలుదాని పరువు కూడా తనతో పాటు ముంచుతుంది. "ఉత్త డప్పు" అన్న మాట డప్పుకి చేసిందీ ఇదే.

వారసత్వం ఎవరి ఖాతాలో?

దోపిడీ కొన్నిసార్లు ఇంత మెత్తగా కూడా ఉండదు. 1999లో అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ తరఫున డీజే రోలాండో 'నైట్స్ ఆఫ్ ద జాగ్వార్' చేశాడు. డెట్రాయిట్ మెక్సికన్ పేట బిడ్డ ఆయన. ట్రాక్ ప్రపంచమంతా మోగింది. సోనీ జర్మనీ విభాగం అనుమతి లేకుండా దాన్ని స్వరం స్వరం దించి తన కవర్ వెర్షన్ తయారుచేయించింది. అభిమానులు ఈమెయిళ్ళతో విరుచుకుపడ్డారు. సోనీ వెనక్కి తగ్గింది. జట్టు కడితే పెద్ద కంపెనీ కూడా వంగుతుందనడానికి అదొక గుర్తు.

2024 మార్చిలో జర్మనీ తన జాతీయ అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో బెర్లిన్ టెక్నో సంస్కృతిని చేర్చింది. బెర్లిన్‌కి తనదైన చరిత్ర ఉంది, కాదనను. గోడ కూలాక ఖాళీ భవనాల్లో తూర్పు, పడమర పిల్లలు కలిసి ఆడింది ఆ దరువుకే. కానీ ఆ వార్త చదివిన సగటు మనిషి బుర్రలో మిగిలేది ఏమిటి? టెక్నో అంటే బెర్లిన్. డెట్రాయిట్‌లో ఈస్ట్ గ్రాండ్ బులవార్డ్ మీద అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ వాళ్ళు తమ భవనంలో తామే ఒక చిన్న టెక్నో మ్యూజియం పెట్టుకున్నారు. తమ చరిత్రని తామే కాపాడుకుంటున్నారు. మన దగ్గర మృదంగం మోగించినవాడికి బిరుదులు వచ్చాయి. దానికి తోలు బిగించిన కులం పేరు కచేరీలో ఏనాడైనా విన్నామా?

కాబట్టి తమ్ముడూ, ఏదైనా కొత్తదని ఎవరైనా ఊదరగొడితే నేను అడిగేవి మూడు. ఇది ఏ అవసరం లోంచి పుట్టింది? ఇందులో ఒక ముక్క తీసేస్తే కూలుతుందా, కూలదా? ఎవరి దగ్గర తెచ్చుకున్నదో ఒప్పుకుంటోందా? మూడో ప్రశ్నకి జవాబు లేకపోయినా సంగీతం గొప్పగా ఉండొచ్చు. కానీ అప్పుడు ఆ గొప్పలో ఎవరిదో కూలి బాకీ ఉన్నట్టు.

ఈ ప్రశ్నలు ఎదుటివాళ్ళకే కాదు, మనకీ పెట్టుకోవాలి. బాబాసాహెబ్ బొమ్మ టీషర్టు మీద వేసుకుని ఆయన రాసింది ఒక్క పేజీ చదవకపోవడం హైపే. ఊళ్ళో దరువు కొట్టే ముసలాయన పేరు అడగకుండా ఆయన వీడియో తీసి మన పేజీలో పెట్టుకోవడం కూడా హైపే. మొదటి తప్పు నేనూ చేశాను ఒకప్పుడు. రెండోది ఇంకా ఎక్కువసార్లు చేశాను.

ఈ వారం ఒక పని చేయండి. రాత్రి గది లైటు తీసేసి, ఫోను పక్కన పెట్టి 'మినిమల్ నేషన్' మొదటి నుంచి చివరిదాకా వినండి. నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి. తర్వాత సెలవులకి ఇంటికి పోయినప్పుడు మీ వాడలో డప్పు కొట్టే పెద్దాయన దగ్గర కూర్చుని ఎన్ని దరువులు వచ్చో, ఎవరి దగ్గర నేర్చుకున్నాడో అడగండి. రాసుకోండి. పేర్లతో సహా రాసుకోండి.

వచ్చే భాగంలో చికాగో హౌస్ గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.